చెయ్యి తిరిగేదాకా

ఆత్రేయపురం వెళ్లి పూతరేకులు కొనుక్కొచ్చేవాళ్లు చాలామందే ఉంటారు గానీ, రేకు తీసే దగ్గర కాసేపు కూర్చుని చూసేవాళ్లు తక్కువ. నేనూ కొనుక్కొచ్చే బాపతే. పోయిన వానాకాలంలో బొబ్బర్లంక నుంచి రావులపాలెం వెళ్తుంటే దారిలో వాన పట్టుకుంది. స్కూటర్ పక్కన పెట్టి ఒక ఇంటి వసారాలోకి దూరాను. అక్కడ ఒక పెద్దావిడ పొయ్యి మీద కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకులు ఎగదోస్తూ రేకులు తీస్తోంది. పక్కన గిన్నెలో జయ బియ్యం నానబెట్టి రుబ్బిన పిండి, మజ్జిగలా పల్చగా ఉంది. గుడ్డ అందులో ముంచి కుండ మీద ఒక్కసారి అలా లాగింది. గుడ్డ ఇవతలికి వచ్చేలోపే అక్కడ తెల్లటి పొర. అంచు పట్టుకుని ఒలిచి పక్కన పెట్టి, మళ్లీ గుడ్డ ముంచింది.

పక్క కుండ దగ్గర ఒక ఆడపిల్ల కూర్చుంది. కొత్తగా నేర్చుకుంటోందట. అదే పిండి, అదే ఆకుల మంట. ఆ పిల్ల తీసిన రేకుల్లో సగం చిరుగులే.

“ఎన్నాళ్లు నేర్చుకోవాలండీ ఇది?” అన్నాను.

“చెయ్యి తిరిగేదాకానండి,” అంది పెద్దావిడ, కుండ మీంచి చూపు తిప్పకుండానే.

నేను వెళ్లింది ఎలక్ట్రిక్ స్కూటర్ మీద. దాని సీటు కింద ఉన్న బ్యాటరీ లోపలి సెల్లు తయారయ్యేది కూడా దాదాపు ఇలాగే అన్న సంగతి అక్కడ కూర్చున్నప్పుడే తట్టింది. కుండ బదులు రాగి రేకు. దాని మందం సుమారు 10 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో ఆరో వంతో ఏడో వంతో. గ్రాఫైట్ పొడిని నీళ్లలో, కాస్త జిగురులో కలిపి పిండిలా చేసి ఆ రేకుకు రెండువైపులా పూస్తారు. ఇంకో పక్క అల్యూమినియం రేకు మీద లిథియం సమ్మేళనం పూత. రెండూ పదుల మీటర్ల పొడవున్న ఓవెన్లలోంచి పరిగెత్తుతూ ఆరతాయి. తర్వాత రోలర్ల మధ్య నొక్కి, కత్తిరించి, మధ్యలో పల్చటి ప్లాస్టిక్ పొర పెట్టి చుట్టడమో పేర్చడమో చేస్తారు. ఆపైన ద్రవం పోసి సీలు వేసి, మొదటిసారి నెమ్మదిగా చార్జి చేసి, కొన్ని రోజులు పక్కన పెట్టి చూస్తారు. పూత ఒక చోట కొన్ని మైక్రాన్లు ఎక్కువైనా, అంచున చిన్న రాగి ముక్క అతుక్కున్నా ఆ సెల్లు పనికిరాదు. కొన్నిసార్లు ఆ తప్పు బయటపడేది వారాల తర్వాత, లక్ష సెల్లులు అదే తప్పుతో తయారైపోయాక.

చెమ్మ సంగతీ అంతే. డబ్బా మూత తీసి పెడితే పూతరేకు గంటలో మెత్తబడుతుంది. జులైలో కోనసీమలో ఉప్పు డబ్బా గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. బ్యాటరీ ద్రవంలో ఉండే లిథియం లవణానికి నీటి ఆవిరి తగిలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుట్టి సెల్లును లోపలినుంచి తినేస్తుంది. అందుకే సెల్లు కట్టే గదుల్లో గాలిని మైనస్ 40 డిగ్రీలకు చల్లబరిచినా బొట్టు పడనంత పొడిగా ఉంచుతారు. ఫ్యాక్టరీ కరెంటు బిల్లులో పెద్ద ముక్క ఆ గాలిని ఎండబెట్టడానికే పోతుంది.

ఒక్క తేడా మాత్రం ఉంది. చిరిగిన పూతరేకు లోపలి మడతలోకి వెళ్లిపోతుంది, పైన మంచి రేకు చుడితే సరి. బ్యాటరీలో ఆ వెసులుబాటు లేదు. వరసగా కలిపిన సెల్లుల్లో ఒకటి బలహీనంగా ఉంటే మొత్తం ప్యాక్ దాని కొలతకే దిగిపోతుంది. ఇంకా ఖర్మ కాలితే అంటుకుంటుంది.

ఇక్కడ చిన్న లెక్క వేసుకుందాం. సెల్లు తయారీలో 20 దశలు ఉన్నాయనుకోండి. ప్రతి దశలో నూటికి 99 బాగా వస్తే చివరికి మిగిలేవి 82. అదే 97 అయితే 54. 95 వస్తే 36 మాత్రమే. పరీక్షలో 95 మార్కులు వస్తే ఊళ్లో మిఠాయిలు పంచుతాం. సెల్లు ఫ్యాక్టరీలో దశకు 95 వస్తే ఆ కంపెనీ మూతపడుతుంది. రాగి, లిథియం, నికెల్ అన్నీ పూర్తి ధర పెట్టి కొని, మూడింట రెండు వంతులు తుక్కులో పోస్తున్నట్టు లెక్క.

స్వీడన్‌లో నార్త్‌వోల్ట్‌కు జరిగింది చాలావరకు ఇదే. అమెరికా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ టెస్లాలో పనిచేసి వచ్చిన పీటర్ కార్ల్‌సన్ 2016లో పెట్టిన బ్యాటరీ కంపెనీ అది. అప్పులు, పెట్టుబడులు కలిపి సుమారు 1,500 కోట్ల డాలర్లు పోగేసింది. చైనాకు యూరప్ ఇచ్చే జవాబు అని అందరూ మెచ్చుకున్నారు. ఉత్తర స్వీడన్‌లోని షెలెఫ్తియోలో ఏడాదికి 16 గిగావాట్ అవర్ల సామర్థ్యంతో ఫ్యాక్టరీ వచ్చింది. మన కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే కోటీ 60 లక్షల యూనిట్ల బ్యాటరీలు, స్కూటర్‌కు 3 యూనిట్ల చొప్పున 53 లక్షల స్కూటర్లకు సరిపడా. 2023లో అక్కడ నిజంగా తయారైంది ఒక్క గిగావాట్ అవర్ కూడా లేదు. సెల్లులు వేళకు రాకపోవడంతో 2024 జూన్‌లో బీఎండబ్ల్యూ 200 కోట్ల యూరోల ఆర్డరు వెనక్కి తీసుకుంది. 2025 మార్చిలో కంపెనీ దివాలా తీసింది. దాని దగ్గర డబ్బుంది, మంచి యంత్రాలున్నాయి, బయట కొనేవాళ్లు క్యూలో ఉన్నారు. చెయ్యి తిరగలేదు. పైగా అది తిరిగేలోపే జర్మనీలో, కెనడాలో ఇంకో ఫ్యాక్టరీ, ఇంకో ఫ్యాక్టరీ అంటూ పరుగెత్తింది. రేకు రాని పిల్లకు పది కుండలు ఇచ్చినట్టు.

టెస్లా కూడా ఆ గుంట అంచుదాకా వెళ్లొచ్చిందే. 2017 జులైలో మోడల్ 3 అనే కారు తయారీ మొదలైంది. ఆ మూడు నెలల్లో 1,500 కార్లు అన్నారు, వచ్చినవి 260. ఎక్కడ ఆగిందని చూస్తే, నెవాడాలో బ్యాటరీ మాడ్యూళ్లు కట్టే లైను దగ్గర. మిగతా ఫ్యాక్టరీ ఎంత వేగంగా ఉన్నా లాభం లేదు. కాలవ కింద సాగు చేసేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ధవళేశ్వరంలో ఎంత నీరున్నా, మధ్యలో ఒక్క తూము పూడితే శివారు భూములకు చేరేది ఆ తూములోంచి పారినంతే.

అక్కడ జరిగిన ఒక ముచ్చట నాకు భలే ఇష్టం. బ్యాటరీ ప్యాక్ పైన ఫైబర్‌గ్లాస్ పరుపుల్లాంటివి అంటించడానికి రోబో పెట్టారు. మెత్తటి పరుపు రోబో చేతికి చిక్కదు, లైను మాటిమాటికీ ఆగిపోతోంది. రోబోను బాగుచేయించారు, వేగం పెంచారు, తంటాలన్నీ పడ్డారు. చివరికి అసలు ఇవి ఎందుకు అని టెస్లా అధిపతి ఎలాన్ మస్క్ అడిగితే, బ్యాటరీ భద్రత వాళ్లు ‘చప్పుడు తగ్గడానికి’ అన్నారట. చప్పుడు కొలిచేవాళ్లను అడిగితే ‘మంటల నుంచి రక్షణకి’ అన్నారట. పరుపులున్న కారులో, లేని కారులో మైకులు పెట్టి చూస్తే తేడా తెలియలేదు. పరుపులూ పోయాయి, రోబో కూడా పోయింది. మస్క్ చెప్పేవాటిలో చాలావాటిని నేను సగానికి సగం తగ్గించుకునే వింటాను గానీ, 2018 ఏప్రిల్‌లో ఆటోమేషన్ అతిగా పెట్టడం తన తప్పేనని, మనుషుల్ని తక్కువ అంచనా వేశామని ఒప్పుకోవడం మాత్రం నచ్చింది. ఫ్రీమాంట్ ఫ్యాక్టరీ ఆవరణలో పెద్ద టెంటు వేసి, అందులో మనుషుల చేతులతో ఇంకో లైను నడిపి, 2018 జూన్ చివరికల్లా వారానికి 5,000 కార్లు అందుకున్నారు. ప్రపంచమంతా గొప్పగా చెప్పుకునే కంపెనీని గట్టెక్కించిన వాటిలో ఆ పెళ్లిపందిరి లాంటి షెడ్డు ఒకటి.

చైనా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ బీవైడీ ఆ పాఠం ముందే నేర్చుకుని మొదలైంది. 1995లో పెట్టినప్పుడు వాళ్లు చేసింది చిన్న బ్యాటరీలు. జపాన్ వాళ్ల ఆటోమేటిక్ లైన్లు కొనే స్తోమత లేదు. ఆ పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కకు ఒక మనిషిని, ఒక చేతిపనిముట్టును పెట్టారు. కార్లలోకి దిగింది 2003లో, అదీ మునిగిపోతున్న ఒక కార్ల కంపెనీని కొని. 2024లో ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు కలుపుకుని 42 లక్షలకు పైగా బళ్లు అమ్మారు. మనం చూసేది ఆ 42 లక్షలనే. బ్యాటరీల మీద అంతకుముందు పెట్టిన పాతికేళ్లు ఎవరికీ కనబడవు.

చెయ్యి తిరగడానికి ఒక లెక్క కూడా ఉంది. థియోడర్ రైట్ అనే విమానాల ఇంజనీరు 1936లో రాశాడు: మొదటినుంచి చేసినవి మొత్తం రెండింతలైనప్పుడల్లా ఒక్కో విమానానికి పట్టే శ్రమ సుమారు 20 శాతం తగ్గుతోందని. బ్యాటరీలు ఈ దారిలోనే నడిచాయి. 2010లో యూనిట్ సామర్థ్యానికి 1,000 డాలర్లు దాటిన ప్యాక్ ధర 2024కు 115 డాలర్ల దగ్గరికి దిగింది. కొత్త కంపెనీకి ఇందులో ఉన్న చిక్కు ఏమిటంటే, మొదటి వెయ్యి బళ్లు అది చేసేసరికి పక్కవాడు పది లక్షలు చేసేసి ఉంటాడు. కొనేవాడికి అదంతా అనవసరం. నా స్కూటర్ ఎంత, పక్క షోరూమ్‌లో ఎంత, అంతే.

ఆ మధ్యకాలం గడవడానికి డబ్బు కావాలి, అది కూడా భయపెట్టేంత. అమెరికాలో రివియన్ అనే ఎలక్ట్రిక్ బళ్ల కంపెనీ ఇలినాయ్ రాష్ట్రంలో మిత్సుబిషీ వదిలేసిన ఫ్యాక్టరీ తీసుకుంది. ఏడాదికి లక్షన్నర బళ్లు చేయగల చోట 2023లో చేసింది 57,232. షెడ్డు, రోబోలు, జీతాలు మాత్రం లక్షన్నరకు సరిపడా. ఆ ఏడాది మూడో త్రైమాసికంలో ఇచ్చిన ఒక్కో బండి మీద 30 వేల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. అమెజాన్ లాంటి పెట్టుబడిదారులు వెనక ఉండబట్టి నిలిచి, 2024 చివరి త్రైమాసికంలో మొదటిసారి బళ్లు చేసే ఖర్చు కంటే అమ్మిన సొమ్ము కాస్త ఎక్కువ చూసింది. ఒహాయోలో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ కొన్న ఎలక్ట్రిక్ ట్రక్కుల కంపెనీ లార్డ్స్‌టౌన్‌కు ఆ అండ లేదు. పదుల్లో ట్రక్కులు చేసి 2023 జూన్‌లో దివాలా పిటిషన్ వేసింది.

మరి ఫ్యాక్టరీయే పెట్టకుండా చెయ్యి తిరిగినవాళ్లతో చేయించుకుంటే? ఫిస్కర్ అనే అమెరికా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ అదే చేసింది. ఆస్ట్రియాలో కార్లు కట్టడంలో ఆరితేరిన మాగ్నాతో ఓషన్ అనే కారు చేయించింది. 2023లో 10 వేలకు పైగా కార్లు తయారయ్యాయి, కొన్నవాళ్లకు చేరినవి సగానికి కాస్త తక్కువ. సాఫ్ట్‌వేర్‌లో లోపాలు, బాగుచేసే దిక్కు లేదు, విడిభాగాలు లేవు. 2024 జూన్‌లో అదీ దివాలా. వంటవాడు బాగానే వండాడు, వడ్డించేవాళ్లు లేరు.

ఈ చివరిది మన డెల్టాలో బండి నడిపేవాళ్లకు బాగా తెలిసిన బాధ. నా స్కూటర్‌కు కిందటేడు కంట్రోలర్ పోయింది. బ్యాటరీ కరెంటును మోటారుకు కావలసిన తీరులో అందించే పెట్టె అది. కంపెనీ పేరెందుకు గానీ, పాలకొల్లులో వాళ్లకు మెకానిక్ లేడు. ట్రాలీ ఆటోలో ఎక్కించి రాజమండ్రి పంపాను. 37 రోజులు పట్టింది. “పార్టు రావాలండి,” ఇదొక్కటే సమాధానం. ఇంట్లో ఉన్న పాత పెట్రోలు బండికైతే చెట్టు కింద కూర్చునే మెకానిక్ సాయంత్రానికి ఏదో ఒకటి చేసి ఇచ్చేవాడు.

మన దేశంలో స్కూటర్ల పందెం తిరిగింది కూడా ఈ మలుపు దగ్గరే అనిపిస్తుంది. ఐఐటీ మద్రాసులో చదివిన తరుణ్ మెహతా, స్వప్నిల్ జైన్ 2013లో ఏథర్ అనే ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ పెట్టారు. 2016లో బండి చూపించారు, కొన్నవాళ్ల చేతికి ఇచ్చింది 2018లో, అదీ ముందు బెంగళూరు ఒక్క ఊళ్లోనే. అప్పట్లో ‘వీళ్లెప్పటికి ఎదుగుతారు’ అని నవ్వినవాళ్లున్నారు. ఓలా ఎలక్ట్రిక్ ఎదురు దారి పట్టింది. తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో ఏడాదికి కోటి స్కూటర్ల ఫ్యాక్టరీ అని ప్రకటించి, 2021 ఆగస్టు 15న బండి విడుదల చేసింది. దూకుడు పనిచేయలేదని అనలేం, చూస్తుండగానే దేశంలో మొదటి స్థానానికి చేరింది. కానీ బళ్లు పెరిగినంత వేగంగా వాటిని బాగుచేసే చేతులు పెరగలేదు. 2024 అక్టోబరులో, ఏడాదిలో 10 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయంటూ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసు ఇచ్చింది. 2025 ఏప్రిల్‌కల్లా నెలవారీ రిజిస్ట్రేషన్లలో టీవీఎస్ ముందుకు వచ్చేసింది. టీవీఎస్‌కు, బజాజ్‌కు స్టార్టప్ హడావిడి లేదు. ఊరూరా ఎప్పటినుంచో డీలరు ఉన్నాడు, డీలరు దగ్గర కుర్రాడున్నాడు, విడిభాగాలు పంపేవాళ్లతో దశాబ్దాల బేరసారాలున్నాయి. అలాంటి వాళ్లకు కూడా 2025లో మోటార్లలో వాడే అరుదైన లోహాల అయస్కాంతాల ఎగుమతిని చైనా కట్టడి చేసేసరికి టెన్షన్ తప్పలేదు. ఆగస్టులో ఎలక్ట్రిక్ బళ్లు ఒక్కటీ చేయలేమేమో అని బజాజ్ బాహాటంగానే అంది.

సబ్సిడీ మీద బతికినవాళ్ల కథ వేరే. 2023 జూన్‌లో కేంద్రం ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీ సామర్థ్యంలో యూనిట్‌కు 15 వేల రూపాయల సాయాన్ని 10 వేలకు, బండి ధరలో పరిమితిని 40 శాతం నుంచి 15 శాతానికి తగ్గించింది. దిగుమతి భాగాలు బిగించి, స్వదేశీ అని సాయం తీసుకున్నారన్న ఆరోపణలతో కొన్ని కంపెనీల నుంచి సొమ్ము వెనక్కి అడిగింది. బయట భాగాలు తెచ్చి బిగించడంలో ఎవరి చెయ్యీ తిరగదు. సాయం ఆగిన రోజున ఆ షెడ్లలో మిగిలేవి స్పానర్లే.

ఆత్రేయపురంలో వాన తెరిపిచ్చింది. ఆ ఊరి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది గానీ, పెద్దావిడ దాని ఊసెత్తలేదు. నేను బయల్దేరుతుంటే ఆ పిల్ల వరసగా నాలుగు రేకులు చిరగకుండా తీసింది. ఐదోది చిరిగింది. “మంట చూసుకోవే,” అని పెద్దావిడ కసిరి, చిరిగినదాన్ని పక్కనున్న కుప్పలో వేసింది. రేకుల మీద నెయ్యి రాసి, బెల్లం పొడి జల్లి, పది చుట్టి నాకు పొట్లం కట్టి ఇచ్చింది. ఇంటికొచ్చి ఒకటి విప్పి చూస్తే లోపలి రెండు మడతల్లో ఆ పిల్ల చిరుగులే ఉన్నాయి. తినడానికి తేడా ఏమీ తెలియలేదు.