వేలిముద్ర పడని చేతులు: ఆదేశిక సూత్రాలపై అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం కోర్టులో చాలా ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. రాజ్యాంగం నాలుగో భాగం, అంటే ప్రభుత్వం ఏ లక్ష్యాలతో పాలించాలో చెప్పే ఆదేశిక సూత్రాల గురించి తప్పుగా చెప్పేవారిలో చదువుకోనివారు తక్కువ, చదువుకున్నవారే ఎక్కువ. మా నల్లకోటు వాళ్లనూ అందులో కలుపుకోవచ్చు.

అపోహ: కోర్టుకు వెళ్లలేం కాబట్టి ఆదేశిక సూత్రాలు ఉత్త అలంకారం.

వాస్తవం: 37వ అధికరణంలో మొదటి సగమే అందరికీ గుర్తుంటుంది. వీటిని ఏ న్యాయస్థానమూ అమలు చేయించలేదన్నది నిజమే. అయితే దేశ పాలనకు ఇవి మౌలికమనీ, చట్టాలు చేసేటప్పుడు వీటిని పాటించడం రాజ్యం విధి అనీ ఆ వాక్యమే చెబుతుంది. బ్యాంకు తనకు వీలైనప్పుడు చెల్లించే చెక్కు లాంటివని రాజ్యాంగ సభలో కె.టి. షా ఎద్దేవా చేశారు. కోర్టులో కాకపోయినా ఎన్నికల వేళ ఓటర్లకు జవాబు చెప్పుకోక తప్పదని అంబేద్కర్ అన్నారు. నన్నడిగితే షా మాటలోనూ కొంత నిజముంది. చట్టం వచ్చిన రోజునే ఆ చెక్కు చెల్లుతుంది. ఉచిత న్యాయ సహాయాన్నే చూడండి. 1976లో 42వ సవరణతో 39ఎ అధికరణం వచ్చింది, 1987లో చట్టం చేశారు, అది అమలయింది 1995 నవంబరులో. ఇప్పుడది హక్కు. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, వరద, తుపాను వంటి విపత్తుల బాధితులు అర్హులు. వీరికి ఆదాయ పరిమితి లేదు. అయినా ఆదాయ ధ్రువపత్రం కోసం తిరిగి తిరిగి అలసిపోయిన ఆడవాళ్లు మా వరండాలో ఇప్పటికీ కనిపిస్తారు.

అపోహ: ప్రాథమిక హక్కులకూ వీటికీ ఎప్పుడూ చుక్కెదురే.

వాస్తవం: ఆదేశిక సూత్రాలు ప్రాథమిక హక్కులకు లోబడే ఉండాలని సుప్రీంకోర్టు అన్న 1951 నాటి చంపకం దొరైరాజన్ కేసు సంగతి అది. రెండింటి మధ్య సమతుల్యతే రాజ్యాంగానికి పునాది అని 1980లో మినర్వా మిల్స్ తీర్పు తేల్చింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య పదేళ్లలో అందించేందుకు ప్రయత్నించాలని మొదటి 45వ అధికరణం చెప్పింది. అంటే 1960కల్లా అన్నమాట! మన రాష్ట్రం ప్రతివాదిగా ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు దాన్ని హక్కు అంది. 2002లో విద్యను ప్రాథమిక హక్కు చేసే 21ఎ అధికరణం రాజ్యాంగంలో చేరింది. విద్యా హక్కు చట్టం అమలుకు 2010 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది.

అపోహ: ఇవన్నీ పేదల పథకాల గురించే.

వాస్తవం: కాదు. గ్రామ పంచాయతీలు (40), కార్యనిర్వాహక శాఖ నుంచి న్యాయశాఖ వేర్పాటు (50) కూడా వీటిలోనివే.

అపోహ: పింఛను ప్రభుత్వం దయ. ఇస్తే తీసుకోవాలి, ఆపితే ఊరుకోవాలి.

వాస్తవం: దీనితోనే నాకు ఎక్కువ పని. వృద్ధాప్యంలో, అనారోగ్యంలో ప్రభుత్వ సహాయం గురించి 41వ అధికరణం చెబుతుంది, ఆర్థిక స్తోమతకు లోబడి అని కూడా అంటుంది. ఎంత ఇవ్వాలో సాధారణంగా కోర్టు నిర్ణయించదు. కానీ పథకం పెట్టి, అర్హతలు రాసుకున్నాక, అర్హత ఉన్న మనిషిని ఇష్టం వచ్చినట్టు తప్పిస్తే చట్టం ముందు అందరూ సమానమనే 14వ అధికరణం అడ్డు వస్తుంది.

ఆ మధ్య పలాస వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లు జీడిపిక్కలు కొట్టిన చేతులు. తొక్కలోని నూనెకు వేళ్ల చివర్లు నల్లబడి, నున్నగా అరిగిపోయాయి. పింఛను ఇచ్చే చోట వేలిముద్ర యంత్రం మీద ఎన్నిసార్లు నొక్కినా ముద్ర పడదు. మూడు నెలలుగా పింఛను లేదు. "నా చేతులే నన్ను కాదంటున్నాయి బాబూ" అంది.

వేలిముద్ర సరిపోలలేదన్న కారణంతో అర్హులకు లబ్ధి నిరాకరించరాదని, గుర్తింపునకు వేరే మార్గం చూపాలని సుప్రీంకోర్టు 2018 ఆధార్ తీర్పులో ఉంది. ఆమె అర్జీలో ఆ ఒక్క మాటే రాశాను. ఆదేశిక సూత్రాల ఊసే ఎత్తలేదు. మీరూ ఎత్తకండి, కౌంటరు దగ్గర దానికి విలువ ఉండదు. పథకం పేరు, ఆగిన నెల, ఎందుకు ఆపారో రాతపూర్వకంగా చెప్పాలన్న విన్నపం చాలు. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, దానికి 30 రోజుల్లో జవాబివ్వాలి.

రసీదు ఇవ్వడానికి ఆ కార్యాలయంలో గంటన్నర కూర్చోబెట్టారు. చివరికి తేదీ, ముద్ర వేసి ఇచ్చారు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి, పాస్‌బుక్కులో దాచి, ప్లాస్టిక్ కవరుకు రబ్బరు బ్యాండు రెండు చుట్లు చుట్టింది.