చివరిసారి ఎప్పుడు బాగున్నారు?

పొద్దున ఆరున్నరకు మా మేనత్త చేతిలోంచి టీ గ్లాసు జారిపడింది. తీయబోతే కుడిచేతి వేళ్లు ముడుచుకోలేదు. మూతి ఒక పక్కకు లాగింది, మాట ముద్దగా వచ్చింది. "రాత్రి నిద్ర చాల్లేదు, కాసేపు పడుకోనివ్వండి" అన్నాడు మావయ్య. తొమ్మిదైనా లేవలేకపోయేసరికి అప్పుడు ఆటో కోసం పరుగెత్తారు. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు మొదట అడిగింది ఒక్కటే: "చివరిసారి ఎప్పుడు బాగున్నారు?"

ఆరింటికి వాకిట్లో ముగ్గేస్తూ పక్కింటావిడతో మాట్లాడింది. గ్లాసు జారింది ఆరున్నరకు, అందరి కళ్లెదుటే. కాబట్టి చికిత్స గడువుకు గడియారం అక్కడి నుంచి. అదే ఈ పక్షవాతం నిద్రలో వచ్చి ఉంటే రాత్రి పడుకున్న టైము నుంచే లెక్కపెట్టేవారు.

మెదడు మన ఒంటి బరువులో 2 శాతమే. కానీ ఒంటికి అందే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే ఖర్చవుతుంది. పైగా నిల్వ పెట్టుకోదు, ఏ పూటకాపూట తెచ్చుకుని వండుకునే సంసారం దానిది. నాళంలో రక్తం గడ్డ అడ్డుపడితే నడిమి భాగం నిమిషాల్లోనే చచ్చిపోతుంది. చుట్టుపక్కల భాగం మాత్రం పక్క నాళాల నుంచి ఊరే కాస్త రక్తంతో, పని మానేసి, ప్రాణం పట్టుకుని ఉంటుంది. కాలవ కట్టేస్తే వాలిపోయిన నారుమడిలాగా. నీళ్లు వదిలితే లేస్తుంది, ఆలస్యమైతే ఎండిపోతుంది. డాక్టర్లు దీన్ని పెనంబ్రా అంటారు. చికిత్సంతా ఈ మడి కోసమే. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సగటున 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, పోతాయని 2006లో లెక్కగట్టారు.

ముందు వేలు గుచ్చి షుగర్ చూశారు. షుగర్ బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే కనిపిస్తుందట. తర్వాత సీటీ స్కాన్. "స్కాన్‌లో పెద్దగా ఏమీ లేదు" అని డాక్టరు అంటే మేం ఊపిరి పీల్చుకున్నాం. ఆయన మాత్రం వెంటనే ఇంజెక్షన్ తెమ్మన్నాడు. ఇదేం విడ్డూరం అనుకున్నాం. సంగతేమిటంటే, నాళం చిట్లితే కారిన రక్తం సీటీలో తెల్లగా వెంటనే కనిపిస్తుంది. నాళం మూసుకుపోతే తొలి గంటల్లో మెదడు దాదాపు మామూలుగానే ఉంటుంది. రక్తస్రావం లేదని తేలితేనే గడ్డను కరిగించే మందు ఇవ్వొచ్చు.

ఆ మందు ఆల్టెప్లేజ్. 3 గంటల్లోపు ఇస్తే వైకల్యం తగ్గుతుందని 1995లో అమెరికాలో జరిగిన ట్రయల్ చూపింది. 2008లో యూరప్ ట్రయల్‌తో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాముల లెక్కన, పదో వంతు ఒక్కసారిగా, మిగతాది గంటసేపు ఎక్కిస్తారు. గడ్డను కరిగించే ఇంకో మందు టెనెక్టెప్లేజ్ అయితే ఒకే పోటు. బీపీ 185/110 దాటి ఉంటే ముందు దాన్ని దించాలి. సంతకం పెట్టమన్నప్పుడు మావయ్య చెయ్యి వణికింది. వణకాల్సిందే మరి. ఆ 1995 ట్రయల్లో మందు తీసుకున్న 100 మందిలో సుమారు ఆరుగురికి మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావం అయింది. అయినా మూడు నెలల తర్వాత చూస్తే, మందు తీసుకున్నవాళ్లలోనే ఎక్కువమంది తమ పనులు తాము చేసుకోగలిగారు.

పెద్ద నాళంలో పెద్ద గడ్డ ఉంటే మందొక్కటే చాలకపోవచ్చు. అప్పుడు తొడ మొదట్లోని ధమనిలోంచి సన్నటి గొట్టాన్ని మెదడు దాకా పంపి, తీగల వలలాంటి స్టెంటుతో గడ్డను పట్టి లాగేస్తారు. నెదర్లాండ్స్‌లో చేసిన ట్రయల్ 2015లో దీని సత్తా చూపింది. మడి ఇంకా పచ్చగానే ఉందని స్కాన్‌లో తేలిన కొందరికి 24 గంటల వరకూ పనికొస్తుందని 2018లో తెలిసింది. ఈ 24 గంటల మాట విని 'ఇంకా టైముంది' అనుకునేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. ఆ స్కాన్‌లో ఎవరి మడి పచ్చగా ఉంటుందో ఇంట్లో కూర్చుని చెప్పలేం.

ఇక ఇంట్లో చేసే వైద్యాలు. నీళ్లు తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. చేతికందిన ఆస్పిరిన్ వేస్తే, లోపల రక్తం కారుతున్న కేసైతే ముప్పు. పావురం రక్తం పూయడానికి పట్టే సేపట్లో 108 వచ్చేస్తుంది. సీటీ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లమని వాళ్లకు చెప్పాలి. మేం అదీ చేయలేదు.

అత్తకు ఇంజెక్షన్ మొదలయ్యేసరికి పదిన్నర. ఇంకో అరగంట అయితే గడువు దాటేది. ఇప్పుడు మాట పూర్తిగా వచ్చింది, నడుస్తోంది, మావయ్యను మునుపటిలాగే తిడుతోంది. ముగ్గు మాత్రం కుదరడం లేదు. పిండి వేళ్ల సందుల్లోంచి సన్నటి గీతగా జారదు, ఒక్కచోటే కుప్పగా పడుతుంది.