నీళ్ళు అద్దంలా ఉన్నాయి, మరి చేపలెందుకు చచ్చిపోయాయి? ప్లాంటెడ్ ట్యాంకు అపోహలు - వాస్తవాలు

పోయిన ఆదివారం పొద్దున్నే ఫోన్. "అన్నా, చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి, ఏం మందు వెయ్యాలి?" ట్యాంకు పెట్టి ఎన్ని రోజులైందంటే తొమ్మిది. చేపలెన్ని అంటే ఇరవై రెండు. ట్యాంకేమో రెండడుగులది, అంటే మహా అయితే 55 లీటర్లు. హైదరాబాద్‌లో ఇళ్ళకీ ఆఫీసులకీ మొక్కల ట్యాంకులు పెట్టడం నా పని. ఈ ఫోన్ నాకు నెలకి నాలుగైదు సార్లు వస్తుంది, గొంతు మాత్రం మారుతుంది.

అపోహ: నీళ్ళు ఒకరోజు నిలవుంచి, యాంటీ క్లోరిన్ నాలుగు చుక్కలు వేసి, తేటగా కనబడితే చేపలు వదిలేయొచ్చు.

వాస్తవం: క్లోరిన్ పోవడం వేరు, ట్యాంకు తయారవడం వేరు. చేపల్ని చంపేది అమ్మోనియా, దానికి రంగు లేదు. చేప మొప్పల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి, కుళ్ళిన ఆకుల నుంచి అది వస్తూనే ఉంటుంది. దాన్ని తిని నైట్రైట్‌గా మార్చే బ్యాక్టీరియా ఒకటి, ఆ నైట్రైట్‌ను పెద్దగా హాని లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఇంకొకటి పెరగాలి, కొత్త ట్యాంకులో ఈ రెండూ లెక్కకి రానంత తక్కువ. పైగా ఇవి నీళ్ళలో తేలుతూ బతకవు, ఫిల్టర్‌లోని స్పాంజికి, అడుగున పరిచిన గ్రావెల్‌కి (గులకరాళ్ళకి), అద్దానికి అంటుకుని బతుకుతాయి. సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. మన దగ్గర చాలా బోర్ల నీళ్ళకి పీహెచ్ 8 దాకా ఉంటుంది, అదే అమ్మోనియా పీహెచ్ 7 దగ్గరకంటే 8 దగ్గర దాదాపు పదింతలు విషం. "మా ఫ్రెండ్‌కి ఏమీ కాలేదు" అనేవాళ్ళు ముందు ఆ ఫ్రెండ్ నీళ్ళ పీహెచ్ ఎంతో కనుక్కోండి.

ఇంకా ఘోరం యాక్వా సాయిల్ (ట్యాంకు మొక్కల కోసం అమ్మే పోషకాల మట్టి) వేసినవాళ్ళది. వేలు పోసి కొన్న ఆ మట్టే మొదటి వారాల్లో అమ్మోనియా వదులుతుంది (మొక్కలకి మంచిదే), ఆ రోజు సాయంత్రమే అందులో నియాన్ టెట్రా చేపలు వేస్తారు. ఏమనాలి?

భీమవరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కస్టమర్ ఒకాయనకి ఇదంతా చెప్పబోతే మధ్యలోనే ఆపేశాడు. వాళ్ళకి రొయ్యల చెరువులున్నాయి. "సీడ్, అదే రొయ్య పిల్లల్ని, వదిలేముందు నీళ్ళు తయారు చేసుకుంటాం కదండీ, అంతేగా?" అన్నాడు. అంతే. చెరువు నీళ్ళు ల్యాబ్‌లో చూపించుకోకుండా నిద్రపోని జిల్లా మనిషికి అర్థమైంది, యాప్‌లో రివ్యూలు చదివి ఫిల్టర్ కొనేవాళ్ళకి అర్థం కాదు.

సరే, చేపలు పైకొచ్చాయి. అప్పుడు మనవాళ్ళు చేసేదేంటంటే ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, గ్రావెల్ వేడినీళ్ళతో కడిగి, స్పాంజి కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా పిండి, మళ్ళీ కొత్త నీళ్ళు పోసి, చచ్చిన వాటి బదులు కొత్త చేపలు తెచ్చి వేస్తారు. తొమ్మిది రోజుల్లో పుట్టిన ఆ కాస్త బ్యాక్టీరియా కూడా పోయింది, లెక్క మళ్ళీ ఒకటో రోజు నుంచి. నవ్వడం లేదండీ, నేనూ ఇదే చేశాను. ఇంటర్ చదివేటప్పుడు నా మొదటి ట్యాంకు మూడుసార్లు చచ్చింది, మూడోసారి మా అమ్మ ట్యాంకుకి దిష్టి తీసి మూలన నిమ్మకాయ కూడా కట్టింది. తర్వాత పరీక్షలొచ్చి విసుగుతో వదిలేశాను, ఫిల్టర్ తిరుగుతూనే ఉంది, లోపల ఆకులు కుళ్ళుతూ నత్తలు పాకుతూ నెలన్నర గడిచింది. పరీక్షలయ్యాక ఊరికే ఆరు గప్పీలు వేస్తే ఒక్కటీ చావలేదు. అమ్మ ఇప్పటికీ నిమ్మకాయ మహిమే అంటుంది.

కాబట్టి మొదట మొక్కలు మాత్రమే, దండిగా. హైగ్రోఫిలా, వాలిస్నేరియా, హార్న్‌వర్ట్ లాంటి త్వరగా పెరిగేవి అమ్మోనియాను నేరుగా పీల్చుకుంటాయి, పని సగం తగ్గిస్తాయి. ఫిల్టర్ రాత్రీ పగలూ తిరగాలి, కరెంటు బిల్లు అని రాత్రి ఆపితే స్పాంజిలో బ్యాక్టీరియాకి ఆక్సిజన్ అందదు. రెండు రోజులకోసారి చిటికెడు చేప మేత వెయ్యండి, అది కుళ్ళి అమ్మోనియా ఇస్తుంది. తెలిసినవాళ్ళ పాత, ఆరోగ్యంగా ఉన్న ట్యాంకు నుంచి వాడిన స్పాంజి ముక్క దొరికితే ఇంకా త్వరగా అవుతుంది. లిక్విడ్ టెస్ట్ కిట్ (నీళ్ళలో చుక్కలు వేసి, రంగును బట్టి అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ ఎంతో చూసేది) కొనుక్కోండి, చచ్చే చేపల ఖర్చుతో పోలిస్తే అది ఎక్కువేం కాదు. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ ఎంతో కొంత కనిపిస్తే అప్పుడు చేపలు, అదీ నాలుగైదు మాత్రమే.

చేపలు ఇప్పటికే వేసేసి ఈ పోస్టు చదువుతున్నారా? కంగారు పడకండి, మీ తప్పేం లేదు, అమ్మినవాళ్ళు చెప్పలేదు. మేత రెండు రోజులు ఆపండి, క్లోరిన్ తీసిన నీళ్ళతో మూడో వంతు మార్చండి, కిట్‌లో అమ్మోనియా కనిపించినన్నాళ్ళూ రోజూ మార్చండి. ఫిల్టర్ జోలికి పోవద్దు. ఎప్పుడైనా స్పాంజి మూసుకుపోతే ట్యాంకు నుంచి తీసిన పాత నీళ్ళలోనే రెండుసార్లు పిండి పెట్టేయండి, చాలు.

మిగతావి గబగబా.

సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ లేకపోతే మొక్కలు బతకవట. అనూబియస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరీన్ చక్కగా బతుకుతాయి. మొదటి రెంటికీ దుంపలాంటి కాండం ఉంటుంది, దాన్ని మట్టిలో పూడ్చకండి, కుళ్ళుతుంది, రాయికి దారంతో కట్టండి. క్రిప్టోకొరీన్ ఆకులు వారంలో కరిగిపోతే మొక్క చచ్చిందని పీకేయకండి, వేర్ల నుంచి మళ్ళీ వస్తుంది.

లైటు పన్నెండు గంటలు వేస్తే త్వరగా పెరుగుతాయట. పెరిగేది పాచి. మొదట ఆరు గంటలు చాలు, టైమర్ పెట్టుకోండి. మొదటి నెలలో గోధుమరంగు పొర వస్తుంది, దానంతటదే పోతుంది, మందులు వద్దు.

ఆర్వో నీళ్ళు స్వచ్ఛం కాబట్టి మంచివట. ఖనిజాలు దాదాపు లేని నీళ్ళలో మొక్కలకీ చేపలకీ ఏముంటుంది? బోరునీళ్ళలో సగం కలుపుకోండి. ఆర్వో మిషన్ బయటికి వదిలే వేస్ట్ నీళ్ళు మాత్రం పొరపాటున కూడా పోయకండి. అన్నిటికీ రాళ్ళుప్పు అనే సలహా కూడా వింటుంటాం. మొక్కలున్న ట్యాంకులో ఉప్పెందుకండీ, పచ్చడా? లక్కీ బాంబూ అసలు నీటి మొక్కే కాదు, వేర్లు మునిగితే చాలు, ఆకులు మునిగితే కుళ్ళుతుంది.

ఆదివారం ఫోన్ చేసిన అబ్బాయి సంగతి. ఇరవై రెండింట్లో పదమూడు మిగిలాయి, రోజూ నీళ్ళు మారుస్తున్నాడు. నిన్న రాత్రి టెస్ట్ ట్యూబ్ ఫోటో పంపాడు, ఇంకా ఆకుపచ్చగానే ఉంది, అంటే అమ్మోనియా పోలేదు. కింద మెసేజ్: "అన్నా, ఒక్క ఏంజెల్ ఫిష్ వెయ్యొచ్చా?"