వెయ్యి రూపాయలు వేస్తే పాత కార్డు బాకీ మళ్లీ బతుకుతుందా?

పాత క్రెడిట్ కార్డు బాకీల ఫోన్లు హైదరాబాద్‌లో మళ్లీ మొదలయ్యాయి. కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉండే మనిషికి, ఎప్పుడో వదిలేసిన కార్డు గురించి రికవరీ ఏజెంట్ ఫోన్ చేసి, "సార్, మొత్తం వద్దు, ఇవాళ ఒక వెయ్యి వేయండి, మిగతాది తర్వాత చూద్దాం" అంటాడు. ఆ వెయ్యి ఎందుకు అడుగుతున్నాడో తెలుసుకోవాలి.

మూడేళ్లు దాటితే బాకీ మీద దావా నిలవదన్నది అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. గొడవంతా దావాలకు గడువు పెట్టే 1963 లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్‌లో ఉంది. గడువు లోపల అసల్లోగానీ వడ్డీలోగానీ కొంత కడితే, కట్టిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. ఏజెంట్లు ఇంతవరకే చెబుతారు. అదే సెక్షన్‌లో ఒక షరతు కూడా ఉంది: కట్టినట్టు బాకీదారు చేతిరాతో, అతను సంతకం చేసిన కాగితమో ఉండాలి. 1928 జనవరి 1కి ముందు కట్టిన వడ్డీకి మాత్రం ఇది అక్కర్లేదని ఆ సెక్షన్‌లోనే ఇప్పటికీ రాసుంది. నా దృష్టిలో అసలు మలుపు ఆ తేదీయే. అక్కడి నుంచి వడ్డీ ముట్టిందని అప్పిచ్చినవాడు తన ఖాతా పుస్తకం చూపించినంత మాత్రాన గడువు పెరగదు, బాకీదారు రాత కావాలి.

మన ఊళ్లలో ప్రామిసరీ నోటు వెనక చెల్లు రాయించుకునేది అందుకే. మూడేళ్లు నిండబోతున్నాయనగా అప్పిచ్చినాయన ఇంటికొచ్చి, "వందో రెండొందలో చెల్లేసి సంతకం పెట్టు" అని కూర్చుంటాడు. ఆయనకు ఆ వంద కన్నా సంతకమే ముఖ్యం. చెక్కు ఇస్తే దాని మీద ఉన్న సంతకమే సరిపోతుందని 1960ల్లో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందే, 1951లో, కట్టడం గడువు లోపలే జరగాలి గానీ రాత మాత్రం దావా వేసేలోపు ఎప్పుడు వచ్చినా చాలని తేల్చింది. ఇది చాలామందికి తెలియదు, అందుకే వెయ్యి వేసిన కొన్నాళ్లకు "చిన్న ఫార్మాలిటీ" అంటూ కాగితం తెస్తే ఆలోచించకుండా సంతకం పెట్టేస్తారు.

మరి ఫోన్‌పేలో వేసిన వెయ్యికి సంతకం ఎక్కడుంది? 2000 ఐటీ చట్టం ఎలక్ట్రానిక్ సంతకాన్ని ఒప్పుకుంటుంది కాబట్టి అదే చాలన్నది బ్యాంకుల వైపు వాదన. కానీ కోర్టులో పెట్టే స్టేట్‌మెంట్ బ్యాంకు తన కంప్యూటర్‌లోంచి తీసుకున్న ప్రింటు, బాకీదారు రాసింది అందులో ఒక్క అక్షరం ఉండదు. ఎవరో ఇంట్లోవాళ్లు, ఫోన్ల టెన్షన్ భరించలేక, తమ ఖాతాలోంచి వేసిన డబ్బైతే మరీను.

గడువు లెక్కలో కరోనా కాలాన్ని మర్చిపోకూడదు. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది. 2019 డిసెంబర్‌లో ఆగిన బాకీకి 2022తో అయిపోయిందనుకుంటే పొరపాటు, 2024 చివరి దాకా సాగింది.

నిజంగా కాలదోషం పట్టాక, అంటే దావా గడువు దాటిపోయాక, వెయ్యి కట్టినా, పదివేలు కట్టినా 19వ సెక్షన్ కింద గడువు తిరిగి రాదు. బాకీ మాత్రం పూర్తిగా పోయినట్టు కాదు, కోర్టుకెళ్లే దారి మూసుకుపోతుంది, అంతే. ఆ దారిని మళ్లీ తెరిచేది రాజీ కుదిరిందంటూ సంతకం చేయించుకునే సెటిల్‌మెంట్ లెటర్. పాత బాకీ కడతానని రాసి సంతకం చేస్తే 1872 కాంట్రాక్టు చట్టం 25(3) ప్రకారం అది కొత్త ఒప్పందం, దాని మీద దావా వేయొచ్చు. కాబట్టి ఆ లెటర్‌లో "ఇంత కట్టాను, ఇక బాకీ లేదు" అని ఉందా, "మిగతాది కడతాను" అని ఉందా చూసుకున్నాకే పెన్ను తీయాలి.