జెండా మీద మిగిలిన ఎలుగు

కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లోనో శాన్‌హోసేలోనో ఉంటున్న మన చుట్టాల ఫొటోల్లో, వెనక ఏదో ప్రభుత్వ కార్యాలయం ఉంటే, ఆ జెండా కనబడే ఉంటుంది. తెల్లటి గుడ్డ, మూలన ఎర్ర నక్షత్రం, కింద ఎర్ర పట్టీ, నడుమ పచ్చిక మీద నడుస్తున్న గోధుమరంగు ఎలుగుబంటి. అది కాలిఫోర్నియా గ్రిజ్లీ. ఆ రాష్ట్రపు అడవుల్లో ఇప్పుడు అది ఒక్కటంటే ఒక్కటి లేదు. 1924లో సెకోయా నేషనల్ పార్కులో కనబడిందన్నదే చివరి కబురు. 1953లో దాన్ని రాష్ట్ర జంతువుగా ప్రకటించేనాటికి అది కనుమరుగై మూడు దశాబ్దాలు గడిచాయి.

అంతరించిందని అందరూ ఒప్పుకుంటారు. అంతరించింది ఏమిటన్న దగ్గర మాత్రం మాట తేడా వస్తుంది. ఒక జాతా, ఒక ఉపజాతా, లేక ఒక ప్రాంతంలో బతికిన మందా?

పేరుతోనే మొదలుపెడదాం. గ్రిజ్లీతో సహా గోధుమరంగు ఎలుగులన్నిటి శాస్త్రీయ నామం ఉర్సస్ ఆర్క్టోస్. మొదటి మాట లాటిన్, రెండోది గ్రీకు, రెండింటికీ ఎలుగుబంటనే అర్థం. మన పురాణాల్లో వినే 'ఋక్షం' కూడా వాటి తోబుట్టువే. జాంబవంతుణ్ణి ఋక్షరాజు అన్నవాడూ ఉత్తర ధ్రువ ప్రాంతాన్ని ఆర్కిటిక్ అన్నవాడూ ఒకే పాత మాటను రెండు చివరల పట్టుకున్నారన్నమాట. శ్రీకాకుళం జీడితోటల్లో తిరిగే మన ఎలుగు మాత్రం వేరే ప్రజాతి. నల్లటి ఒళ్లు, చెదలను పీల్చడానికి వీలైన మూతి. దానికీ గ్రిజ్లీకీ దూరపు బంధుత్వమే.

ఉత్తర అమెరికా గ్రిజ్లీకి జార్జ్ ఆర్డ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1815లో 'హారిబిలిస్' అని పేరు పెట్టాడు. భయంకరమైనది అని అర్థం. ఆయన చేతిలో ఉన్నవి యాత్రికులు రాసిన వర్ణనలే. పైగా ఇంగ్లీషులో 'నెరిసిన వెంట్రుకలది' అనే మాటా (grizzly) 'ఘోరమైనది' అనే మాటా (grisly) చెవికి ఒక్కలాగే వినబడతాయి. వెంట్రుకల కొసలు నెరిసినట్టుండే జంతువుకి లాటిన్‌లో ఘోరమైనదన్న ముద్ర పడింది. పేరు పెట్టినవాడి భయం శాస్త్రంలోకి ఎక్కి కూర్చుంది.

తర్వాత వచ్చినవాడు సి. హార్ట్ మెరియం అనే అమెరికన్ జంతుశాస్త్రవేత్త. పుర్రెలు కొలవడంలో ఆయనకున్న ఓపిక మామూలుది కాదు. 1896లో కాలిఫోర్నియా ఎలుగుని ప్రత్యేక రకంగా వర్ణించాడు. 1918లో ఉత్తర అమెరికా గోధుమరంగు ఎలుగులన్నిటినీ ఎనభైకి పైగా రకాలుగా విడగొట్టాడు. ఒక్క కాలిఫోర్నియాకే ఏడు. ఎలుగు పుర్రె వయసుని బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి బాగా మారుతుంది. ఒకే ఊరివాళ్లను ముక్కు పొడవు చూసి ఏడు కులాలుగా రాసుకున్నట్టుంది ఆ లెక్క. జీవశాస్త్రంలో ఇలాంటివాళ్లను 'విడదీసేవాళ్లు' అంటారు. వాళ్లకు ఎదురుగా 'కలిపేవాళ్లు' ఉంటారు. మెరియం తర్వాత కలిపేవాళ్లదే పైచేయి అయింది. ఏడూ ఒక్కటై, కాలిఫోర్నికస్ అనే ఒకే ఉపజాతిగా మిగిలాయి.

దానికీ ఇప్పుడు గట్టి పునాది లేదు. పాత ఎముకల నుంచి తీసిన మైటోకాండ్రియా డీఎన్‌ఏ, అంటే తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే వారసత్వం, చూస్తే కాలిఫోర్నియా ఎలుగులు విడి కొమ్మగా నిలబడలేదు. ఈనాటికీ యెల్లోస్టోన్‌లో, మోంటానాలో తిరుగుతున్న గ్రిజ్లీల కొమ్మలోకే వచ్చి చేరాయి. అయినా పాత పేరు పోలేదు. ఎందుకంటే పేరంటే వంశవృక్షంలో ఒక చోటు మాత్రమే కాదు. మ్యూజియంలో భద్రపరిచిన మూలనమూనా కూడా. మెరియం ఏ పుర్రెను చూపించి 'ఇదీ కాలిఫోర్నికస్' అన్నాడో ఆ పేరు ఆ పుర్రెకు కట్టుబడి ఉంటుంది. పక్కన ఎన్ని పేర్లు చెరిగిపోయినా పుర్రె అక్కడే ఉంటుంది.

ఈ పదాలన్నిట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఐసోటోపు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణు రకం. గడ్డిలోనూ, పప్పులోనూ, మాంసంలోనూ నైట్రోజన్ ఉంటుంది. దాదాపు అంతా నైట్రోజన్-14. అతి కొద్దిగా, ఒక న్యూట్రాన్ ఎక్కువున్న నైట్రోజన్-15. శరీరం తేలికపాటిదాన్ని మూత్రంతో ఎక్కువగా బయటికి పంపేస్తుంది, బరువైనది ఒంట్లో ఉండిపోతుంది. అందుకే గడ్డిలో కన్నా గడ్డి మేసే జింకలో, జింకలో కన్నా దాన్ని తినే పులిలో నైట్రోజన్-15 వాటా హెచ్చు. ఒక్కో మెట్టుకూ వెయ్యికి 3, 4 వంతుల తేడా. ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ ఏళ్ల తరబడి తిన్న తిండిని దాచుకుంటుంది, వెంట్రుకైతే కొన్ని నెలల లెక్క చెబుతుంది. చచ్చి వందేళ్లయిన జంతువు ఏం తిన్నదో దాని కడుపు చూడకుండా చెప్పే పద్ధతి ఇది.

కాలిఫోర్నియా ఎలుగుల ఎముకలను, తోళ్లను, పాత రాతలను దగ్గర పెట్టుకుని చేసిన ఒక అధ్యయనం 2024లో ప్రొసీడింగ్స్ ఆఫ్ ది రాయల్ సొసైటీ బి పత్రికలో వచ్చింది. ఐరోపా ఓడలు ఆ తీరానికి చేరిన 1542కి ముందు, ఈ ఎలుగుల తిండిలో నేల మీది జంతువుల మాంసం దాదాపు 10 శాతమే. మిగతాదంతా ఎక్కువగా కాయలూ, దుంపలూ, గడ్డీ. ఆ తర్వాతి కాలంలో అది 26 శాతం దాకా పెరిగింది. బరువు కూడా తేలింది. 2,000 పౌండ్లు, అంటే తొమ్మిది వందల కిలోల రాక్షసి అని పాత రాతలు ఊదరగొట్టిన జంతువు మామూలుగా ఓ 200 కిలోలు ఉండేదట.

మాంసం ఎందుకు పెరిగిందో ఊహించడం కష్టం కాదు. 1769 నుంచి స్పానిష్ మిషన్లు, అంటే క్రైస్తవ మత ప్రచారకుల స్థావరాలు వచ్చాయి, వాటితో పశువుల మందలు వచ్చాయి. మొక్కలు పెరిగే మైదానాలను మందలు మేసేశాయి, పొలాలు మింగేశాయి. ఎలుగు ముందు మిగిలిన సులువైన తిండి ఆవే. అంటే పశువులను చంపుతుందన్న ఫిర్యాదులో అబద్ధం లేదు. కానీ ఆ పశువులను తెచ్చి దాని ముందు నిలబెట్టింది ఫిర్యాదుదారే.

మొదట్లో అయితే తిన్నది ఎలుగు కాదు, మనిషే. 1772లో మిషన్లలో ఆకలి ముంచుకొచ్చినప్పుడు పేద్రో ఫాహెస్ అనే స్పానిష్ అధికారి మనుషులు ఎలుగుల లోయకు పోయి వేటాడి, ఆ మాంసాన్ని కంచరగాడిదల మీద పంపారు. ఆ చోటు ఈనాటికీ లోస్ ఓసోస్, అంటే ఎలుగులు. తర్వాత ఎలుగునూ ఎద్దునూ గొలుసుతో కట్టి కొట్లాట పెట్టే వినోదం, 1848 నుంచి బంగారం కోసం ఎగబడ్డ జనం, తుపాకులు, స్ట్రిక్‌నైన్ విషం. పది వేల దాకా ఉండేవని అంచనా వేసిన జంతువులు ఒక మనిషి జీవితకాలంలో ఊడ్చుకుపోయాయి.

ఇక్కడే మొదట అడిగిన ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. అది ప్రత్యేక ఉపజాతి అయితే పోయింది పోయినట్టే. ఒక మంద మాత్రమే అయితే దాన్ని 'స్థానిక విలుప్తి' అంటారు. ఇక్కడ పోయింది, అక్కడ ఉంది. అక్కణ్ణించి తెచ్చుకోవచ్చు. 2014లో ఒక సంస్థ సరిగ్గా అదే అడిగింది, సియెర్రా నెవాడా కొండల్లోకి గ్రిజ్లీలను మళ్లీ తీసుకురమ్మని. కేంద్ర ప్రభుత్వ వన్యప్రాణి శాఖ కాదంది.

జెండా మీది ఎలుగు సంగతి ఇంకా వింత. 1846లో సొనోమాలో మెక్సికో పాలన మీద తిరగబడ్డవాళ్లు ఎగరేసిన మొదటి జెండా మీద బొమ్మ పందిలా ఉందని చూసినవాళ్లు నవ్వుకున్నారట. ఇప్పుడున్న బొమ్మ 1953లో ఖాయం చేసింది. దానికి నమూనా మొనార్క్ అనే ఎలుగు. పత్రికాధిపతి హర్‌స్ట్ కోసం 1889లో పట్టి తెచ్చారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇరవై రెండేళ్లు బోనులో ఉండి 1911లో పోయింది. అదే ఏడాది ఆ జెండా రాష్ట్ర జెండా అయింది. గడ్డి కూరిన మొనార్క్ తోలు కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో ఉంది. బోనులో బలిసిన ఒళ్లది. దాని ముంజేతి ఎముకో, వెంట్రుకో తీసి నైట్రోజన్ కొలిస్తే అడవిలో గ్రిజ్లీ ఏం తినేదో తెలీదు, గోల్డెన్ గేట్ పార్కులో కాపలావాళ్లు దానికి ఏం పెట్టారో తెలుస్తుంది.