వడియం చీరని వదలాలి, మా పూత రేకుని వదలకూడదు

వేసవిలో బరంపురం వెళ్తే మా మేడ మీద పాత చీరలు పరిచి అమ్మ, పిన్ని వడియాలు పెడుతూ కనిపిస్తారు. ఫ్యాక్టరీలో ఏం చేస్తావని పిన్ని అడిగితే, ఇదే చేస్తానని చెప్పాను. లిథియం బ్యాటరీకి పిండి (మా భాషలో స్లర్రీ) కలిపి, లోహపు రేకు మీద పల్చగా పూసి, ఆరబెడతాం. "దానికి ఇంజినీరింగ్ ఎందుకురా?" అంది. కోటింగ్ లైన్‌లోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లకీ ఇంచుమించు ఇవే అనుమానాలు.

అపోహ: ఎంత గట్టిగా కలిపితే స్లర్రీ అంత బాగా వస్తుంది.

సగం నిజం. యానోడ్ (బ్యాటరీ రుణ ధ్రువం) స్లర్రీలో గ్రాఫైట్, కార్బన్ బ్లాక్, చిక్కదనం ఇచ్చే సీఎంసీ నీళ్లలో కలుస్తాయి. కార్బన్ ఉండలు విడిపోవాలంటే గట్టిగానే తిప్పాలి. కానీ ఎస్‌బీఆర్ అనే బైండర్‌ని, అంటే జిగురుని, చివర్లో వేసి నెమ్మదిగా కలపాలి. అది పాలలాంటి లేటెక్స్, ఎక్కువ చిలికితే విరిగి ముద్దలు కడుతుంది. ఆఖరున వాక్యూమ్ పెట్టి గాలి బుడగలు లాగేస్తాం. మిగిలిపోయిన బుడగ పూతలో చిల్లుగా తేలుతుంది.

అపోహ: ఓవెన్ వేడి పెంచితే ఉత్పత్తి పెరుగుతుంది.

ఈ పాఠం నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ఒకసారి ఆర్డర్ టెన్షన్‌లో లైన్ వేగం పెంచి, దానికి తగ్గట్టు ఓవెన్ మధ్య జోన్లలో వేడి పెంచాం. రోల్ చూడ్డానికి నల్లగా, నున్నగా, ముచ్చటగా వచ్చింది. స్లిటింగ్‌లో కోస్తే అంచుల దగ్గర పూత పొలుసుల్లా రాలింది. టేపు అంటించి లాగి చూస్తే రాగి రేకు బోసిగా మెరిసింది.

లోపల జరిగేది ఇది. మొదట ద్రవం ఆవిరైనకొద్దీ పూత కుంగుతుంది, రేణువులు దగ్గరపడి ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. ఆ తర్వాత రేణువుల మధ్య సందుల్లోని ద్రవం, దీపం వత్తిలో నూనెలా, పైకి ఎగబాకుతుంది. వెళ్తూ వెళ్తూ బైండర్‌ని మోసుకుపోతుంది. ఆరబెట్టడం నిదానంగా సాగితే ఆ బైండర్ మళ్లీ కిందికి సర్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. తొందరపెడితే పైనే పేరుకుంటుంది. రేకుని పట్టుకోవాల్సిన చోట జిగురు కరువు, అయాన్లు దూరాల్సిన పైభాగంలో సందులు పూడిక. పూత మందం పెరిగేకొద్దీ ఈ బాధ ఎక్కువ.

అలాగని మొత్తం ఓవెన్‌ని చల్లబరిస్తే మేనేజర్ ఊరుకోడు, ఊరుకోనక్కర్లేదు కూడా. పూత ఇంకా తడిముద్దగా ఉన్న తొలిదశలో కాస్త దూకుడుగా వెళ్లొచ్చు. చివర మిగిలిన తడిని తీసేటప్పుడూ వెళ్లొచ్చు. సందులు ఖాళీ అవుతున్న మధ్యదశలోనే చెయ్యి బిగపట్టాలి. మేము సరిగ్గా అక్కడే పెంచాం!

పగుళ్ల కథ వేరు. చెరువు ఎండితే మట్టి నెర్రెలిచ్చినట్టే, ఆరుతున్న ద్రవం రేణువుల్ని లోపలికి లాగుతుంది, మందం హద్దు దాటితే పూత చిట్లుతుంది. నీటి తలతన్యత కేథోడ్ (ధన ధ్రువం) స్లర్రీలో వాడే ఎన్‌ఎంపీ ద్రావకం కంటే బాగా ఎక్కువ, అందుకే నీళ్లతో చేసిన మందపాటి పూతలు తొందరగా పగులుతాయి.

అపోహ: వాసన లేదంటే ప్రమాదం లేదు.

కేథోడ్ వైపు బైండర్ అయిన పీవీడీఎఫ్‌ని కరిగించే ఎన్‌ఎంపీ 202 డిగ్రీల దగ్గర మరుగుతుంది. వాసన ఘాటుగా ఉండదు. కానీ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, పుట్టబోయే పిల్లలకి హాని చేస్తుంది. గ్లవ్స్ విషయంలో నేను ఎవరి మాటా వినను. ఓవెన్ ఆవిరిని చల్లబరిచి, శుద్ధిచేసి మళ్లీ వాడతాం.

అపోహ: సముద్రపు తేమలో బ్యాటరీ ఫ్యాక్టరీ నడవదు.

మా మావయ్య వాదన ఇది: "గోపాల్‌పూర్ గాలికి అప్పడాలే మెత్తబడిపోతాయి, బ్యాటరీలు ఎలా చేస్తార్రా?" యానోడ్ స్లర్రీలో ఉండేదే నీళ్లు, దానికి బయటి తేమ పెద్ద లెక్క కాదు. నికెల్ ఎక్కువున్న కేథోడ్ పొడి మాత్రం తేమ తగిలితే క్షారం పెంచుకుని, పీవీడీఎఫ్‌ని చెడగొట్టి స్లర్రీని జెల్లీ చేస్తుంది. ఇక సెల్ లోపల నీళ్లు మిగిలితే ఎలక్ట్రోలైట్‌లోని లిథియం లవణం ఎల్‌ఐపీఎఫ్6తో కలిసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అందుకే ఎలక్ట్రోడ్లని వాక్యూమ్‌లో మరోసారి ఆరబెట్టి, మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ నీరుగానో మంచుగానో మారే ఉష్ణోగ్రత) మైనస్ 40 డిగ్రీల చుట్టుపక్కలుండే, అంటే తేమ దాదాపు లేని డ్రై రూమ్‌లో సెల్ కడతారు. తేమ ఊళ్లో ఫ్యాక్టరీ నడుస్తుంది, కరెంటు బిల్లే మోగుతుంది.

అపోహ: డ్రై ఎలక్ట్రోడ్ వచ్చేసింది, ఓవెన్ల పని అయిపోయింది.

పీటీఎఫ్‌ఈని (టెఫ్లాన్ అనే ప్లాస్టిక్‌ని) నలిపి దారాలుగా సాగదీసి, ద్రవం లేకుండానే పొడిని పొరగా చేసే పద్ధతి ఉంది. ఆ పని చేస్తున్న మాక్స్‌వెల్ కంపెనీని 2019లో టెస్లా కొన్నది. ఓవెన్ అవసరం తప్పితే ఖర్చు, చోటు రెండూ కలిసొస్తాయి. అయితే పొడిని వేల మీటర్ల పొడవునా ఒకే మందంలో పరచడం తేలిక కాదు. పైగా యానోడ్‌లో పీటీఎఫ్‌ఈ తక్కువ వోల్టేజి దగ్గర లిథియంతో చర్య జరిపి దాన్ని తినేస్తుంది. నా ఓవెన్‌కి ఇప్పట్లో సెలవు దొరికేలా లేదు.