తడి వేలు, మొండి గాజు

పోయిన ఆషాఢంలో మెహదీపట్నం రైతుబజార్‌లో అరకిలో వంకాయలు, రెండు కొత్తిమీర కట్టలు తీసుకున్నాను. మొత్తం 40 రూపాయలు. పొద్దున్నుంచీ ముసురు. క్యూఆర్ కోడ్ బాగానే స్కాన్ అయింది గానీ అసలు తంటా డబ్బులు వేసే చోట వచ్చింది. 4 నొక్కితే 7 పడుతోంది. 0 నొక్కితే ఏమీ పడటం లేదు. ఉన్నట్టుండి 4 మూడుసార్లు పడి 444 అయింది. తుడిచేలోపే ఇంకో నాలుగు చినుకులు. వెనక ఇద్దరు నిలబడ్డారు, నాకేమో టెన్షన్. వేలితో పొడిచాను, ఇంకా గట్టిగా పొడిచాను. కూరగాయలామె కాసేపు చూసి, "పట్టా కిందికి రా బిడ్డా. గట్ల పొడిస్తే ఏమొస్తది? జర తుడిచి మెల్లగ ఒత్తు" అంది.

ఆమె చెప్పినట్టే చేస్తే ఒక్కసారికే 40 పడింది. ఆమె పక్కనున్న డబ్బా "నలభై రూపాయలు అందాయి" అని అరిచింది కూడా. ఆమె మాత్రం తన ఫోన్ ముట్టుకోనే లేదు. పొద్దస్తమానం ఆకుకూరల మీద నీళ్లు చల్లే చేతులవి. ఆ చేతులతో స్క్రీన్ తెరిచి డబ్బు పడిందో లేదో చూసుకోవడం ఎంత నరకమో, ఆ మాట్లాడే డబ్బా కనిపెట్టినవాళ్లకు తెలిసే ఉండాలి.

ఇంటికొచ్చాక వంకాయలు తరుగుతూ ఆలోచించాను. గట్టిగా పొడిస్తే ఎందుకు వినలేదు? మెల్లగా ఒత్తితే ఎందుకు విన్నది?

ఫోన్ గాజుకు నొక్కుడు అనేదే తెలియదు. మనం నొక్కుతున్నామనుకుంటాం, అది మాత్రం మన వేలిలోని ఉప్పునీటిని పసిగడుతూ ఉంటుంది. సీలింగ్ ఫ్యాన్ మెల్లగా తిరిగితే ఎలక్ట్రీషియన్ వచ్చి "కండెన్సర్ పోయింది" అంటాడు కదా, ఆ కండెన్సర్ సూత్రమే ఇక్కడా. దగ్గరదగ్గరగా ఉన్న రెండు లోహపు పలకలు కొంత విద్యుదావేశాన్ని పట్టి ఉంచుతాయి. ఫోన్‌లో పలకల బదులు సన్నని గీతలుంటాయి, కొన్ని అడ్డంగా, కొన్ని నిలువుగా. చాలా ఫోన్లలో వీటిని ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పదార్థంతో వేస్తారు. అది కరెంటును పోనిస్తుంది, వెలుతురునూ పోనిస్తుంది. అందుకే గీతలు కంటికి కనిపించవు. ఒక అడ్డగీత, ఒక నిలువుగీత కలిసే ప్రతిచోటా ఒక బుల్లి కండెన్సర్ ఉన్నట్టే. ఎంత బుల్లి అంటే, ఫ్యాన్ కండెన్సర్ మీద సాధారణంగా 2.5 మైక్రోఫారడ్ అని రాసి ఉంటుంది, అది ఆవేశాన్ని ఎంత పట్టి ఉంచగలదో చెప్పే కొలత. ఫోన్ గాజులోది పికోఫారడ్ల లెక్క, అంటే దాదాపు పది లక్షల వంతు చిన్నది.

లోపలి చిప్ ఒక వరస గీతల్లోకి చిన్న విద్యుత్ అలను పంపి, రెండో వరసలో ఎంత అందిందో కొలుస్తుంది. సెకనుకు వందసార్లు, కొన్ని ఫోన్లలో ఇంకా ఎక్కువ. మన వేలు దగ్గరికి రాగానే ఆ అలలో కొంత మన ఒంట్లోకి జారిపోతుంది. అందాల్సింది కాస్త తగ్గుతుంది. తగ్గిన చోట వేలుందని లెక్క. తగ్గేది పికోఫారడ్‌లో ఒక చిన్న ముక్క మాత్రమే. సంత మధ్యలో నిలబడి గుసగుస వినడం లాంటి పని అది.

గట్టిగా నొక్కినప్పుడు ఒక్కోసారి పనిచేసినట్టు అనిపించడానికీ కారణముంది. నొక్కితే వేలికొన చదునై ఎక్కువ మేర గాజుకు ఆనుతుంది. అంతకుమించి బలానికి విలువ లేదు.

మా అమ్మకు ఈ సంగతి చెప్పి ఒప్పించడానికి ఏడాది పట్టింది. ఆమెది గోటితో నొక్కే అలవాటు. చూపుడు వేలిని కొక్కెంలా వంచి, గోరు నిలబెట్టి, టకటకా కొడుతుంది. అది పలకదు. "ఈ ఫోన్‌కు నేనంటే లెక్కలేదే" అంటుంది. ఆమె తప్పేమీ లేదు. బటన్ల ఫోన్‌కు గోరు పనికొచ్చేది. ఆ తర్వాత వచ్చిన కొన్ని టచ్ ఫోన్లకైతే గోరే మేలు. నోకియా 5800 గుర్తుందా? ఆ తెర నిజంగానే నొక్కుడును బట్టి పనిచేసేది. పైన మెత్తని పొర, కింద ఇంకో పొర, నొక్కితే రెండూ తగులుకునేవి. గోరైనా సరే, పుల్లైనా సరే. ఇప్పటి గాజు అలా కాదు. గోరు ఎండిన కెరటిన్, కరెంటును దాదాపు పోనివ్వదు. గోటి వెనక ఉన్న కండ మరీ దూరమైపోయి గాజుకు అందదు.

తమాషా ఏమిటంటే ఈ "కొత్త" గాజే పాత ఆలోచన. 1965లోనే బ్రిటన్‌లోని రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో ఇ.ఎ. జాన్సన్ అనే ఇంజనీరు, విమానాల రాకపోకలు చూసేవాళ్ల కోసం వేలు తగిలితే పసిగట్టే తెర గురించి రాశాడు. 1970ల్లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో బెంట్ స్టంపే, ఫ్రాంక్ బెక్ అనేవాళ్లు కణాలను పరుగెత్తించే తమ భారీ యంత్రం కంట్రోల్ రూమ్‌లో వందలకొద్దీ బటన్లు, మీటల బదులు ఇలాంటి తెరలే పెట్టారు. 2007లో ఐఫోన్ వచ్చాక అదే ఆలోచన మన జేబుల్లోకి చేరింది. గమనించారో లేదో, ఆ మొదటి వాడకందార్లంతా ఏసీ గదుల్లో పొడి చేతులతో కూర్చునేవాళ్లు. పిండి రుబ్బుతూ తెర ముట్టుకునే అవసరం వాళ్లకు రాలేదు.

ఉప్పునీటి సంగతి నిజమో కాదో తేల్చుకోవాలంటే వంటిల్లు చాలు. నేను చూశాను. చెక్క గరిటె కాడ పనిచేయలేదు. దొండకాయను తొక్కతో ఉన్నవైపు పెడితే ఒకసారి పలికింది, ఒకసారి పలకలేదు. కోసిన వైపు పెడితే ప్రతిసారీ పలికింది. దోసకాయ ముక్కతో మా అక్కకు "తిన్నావా" అని మెసేజ్ కూడా పంపాను. స్టీలు చెంచా మొన పలకలేదు, వెనకభాగం పలికింది. కాకపోతే ఆ వస్తువును మనం ఒట్టి చేత్తో పట్టుకునే ఉండాలి. మన ఒళ్లు దాని వెనక ఉంటేనే అలకు జారిపోయే దారి. 2010 చలికాలంలో దక్షిణ కొరియాలో జనం గ్లవ్స్ తీయడానికి బద్ధకించి, జేబులో సాసేజ్ పెట్టుకుని దానితో ఫోన్ వాడారని వార్తలొచ్చాయి. మనకు అంత చలి లేదు గనక దొండకాయ అవసరం పడలేదు.

ఇక చినుకు సంగతి. నీటిబొట్టు గాజు మీద ఒంటరిగా ఉంటే వేలికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేస్తుంది. అది మన ఒంటికి అంటుకుని లేదు గనక అలను ఎటూ పోనివ్వదు. పైగా రెండు గీతల మధ్య వంతెన వేస్తుంది. విద్యుత్ క్షేత్రాన్ని పట్టి ఉంచడంలో నీళ్లు గాలి కన్నా దాదాపు 80 రెట్లు ఎక్కువ. కాబట్టి వేలు పెడితే తగ్గాల్సింది బొట్టు పడితే పెరుగుతుంది. చిప్‌కు ఈ తేడా తెలుసు. అందుకే నాలుగు చినుకులు పడగానే ఫోన్ పిచ్చెక్కిపోదు.

పిచ్చెక్కేది మనం వేలు పెట్టినప్పుడే. వేలు బొట్టుకు తగలగానే ఆ బొట్టు మన ఒంటిలో భాగమైపోతుంది. 4 దగ్గర వేలు, అక్కడినుంచి 7 దాకా సాగిన నీళ్లు. చిప్ కంటికి అదంతా ఒకే పెద్ద బొటనవేలు. చెమట ఇంకా మొండిది, అందులో ఉప్పుంది గనక కరెంటును బాగా పోనిస్తుంది. మే నెలలో సిటీ బస్సులో నిలబడి టైప్ చేసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

తుడవడంలోనూ ఒక కిటుకుంది. ఏమీ తగలనప్పుడు తెర ఎలా ఉంటుందో చిప్ ఒక లెక్క పెట్టుకుంటుంది, మారుతున్న వేడికి, తేమకు తగ్గట్టు ఆ లెక్కను సర్దుకుంటూ ఉంటుంది. నీళ్లు కాసేపు అలాగే ఉంటే వాటిని కూడా లెక్కలో కలిపేసుకోవచ్చు. మనం హఠాత్తుగా తుడిచేస్తే అక్కడ విలువ పడిపోతుంది. పడిపోతే వేలు పెట్టినట్టే కదా! అలా తుడిచిన చోట ఎవరూ నొక్కకుండానే అంకెలు పడతాయి. తెర ఆపేసి, తుడిచి, మళ్లీ వెలిగిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. పట్టా కింద నాకు పనికొచ్చింది ఆ క్షణం ఆగడమే అయ్యుండాలి.

చార్జింగ్‌లో పెట్టి వాడేటప్పుడు తెర దానంతట అదే ఎగరడం ఇంకో బాధ. కోఠిలో ఫుట్‌పాత్ మీద 150 రూపాయలకు ఒక చార్జర్ కొన్నాను. అది పెట్టి మెసేజ్ రాస్తుంటే అక్షరాలు ఒకదాని బదులు ఇంకొకటి, పైనా కిందా, దాదాపు ఒకే గీతలో పడేవి. ఫోన్ పాడైందనుకుని రిపేర్ షాపుకు తీసుకెళ్తే డిస్‌ప్లే మార్చాలన్నారు. చార్జర్ పీకేస్తే తెర నిక్షేపంగా పనిచేస్తోందని ఇంటికొచ్చాక తెలిసింది. చార్జర్ లోపల కరెంటు సెకనుకు వేలసార్లు ఆగుతూ సాగుతూ ఉంటుంది. మంచి చార్జర్‌లో ఆ రొదను అణిచే భాగాలుంటాయి, చవకదాంట్లో ఖర్చు మిగలాలని వాటినే వదిలేస్తారు. రొద వల్ల ఫోన్ మొత్తం నేలతో పోలిస్తే కిందామీదా ఊగుతుంది. అంతా కలిసి ఊగుతోంది గనక ఫోన్‌కు తెలియదు. నేల మీద నిలబడ్డ మనం వేలు పెట్టామా, ఆ ఊపు మన వేలి గుండానే లోపలికి దూరుతుంది. వేలున్న గీత పొడవునా దొంగ స్పర్శలు పుడతాయి. లోహపు బాడీ ఫోన్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు వేలితో నిమిరితే సన్నగా జివ్వుమంటుంది చూడండి, దానికి కూడా చార్జర్ గుండా కాస్త కారే కరెంటే కారణం.

గాజు సంగతి అలా ఉంటే, వేలిముద్రది మరో కథ. అంట్లు తోమి వచ్చి ఫోన్ మీద బొటనవేలు పెడితే "మళ్లీ ప్రయత్నించండి". నీళ్లలో నానితే వేళ్లు ముడతలు పడేది చర్మం నీళ్లు తాగి ఉబ్బినందుకని చాలామంది అనుకుంటారు. అసలు కారణం నరాలు. అవి లోపలి రక్తనాళాలను బిగిస్తే చర్మం లోపలికి కుంగి ముడతలు పడుతుంది. నరం తెగిన వేలు ఎంతసేపు నానినా ముడతపడదని 1930ల నుంచీ వైద్యులకు తెలుసు. ముడత పడ్డ ముద్ర ఫోన్ దాచుకున్న ముద్రతో సరిపోలదు. అంట్లు తోమిన వెంటనే, తుడుచుకుని, అదే బొటనవేలిని ఇంకో వేలిగా మరోసారి నమోదు చేశాను. అప్పటినుంచి గొడవ చాలా తగ్గింది.

మరీ పొడి వేలితోనూ కష్టమే. రేషన్ షాపులో ముసలివాళ్ల "వేలు పడకపోతే" డీలర్ ఏమంటాడు? "తలకు రాసుకొని పెట్టు." మొరటుగా వినిపిస్తుంది గానీ అందులో భౌతికశాస్త్రం ఉంది. వెలుతురుతో చదివే యంత్రంలో వేలి గట్లు గాజుకు గట్టిగా అతుక్కున్న చోట నల్లగా, పల్లాల చోట తెల్లగా కనిపిస్తుంది. ఎండిన చర్మం ఆ గట్ల మీద కూడా చుక్కచుక్కలుగానే ఆనుతుంది. తలకున్న నూనె కాస్త అంటితే ఆ సందులు పూడుకుని గీత నిండుగా వస్తుంది. ఫోన్ మీద బొటనవేలిని "హా" అని ఊదిపెట్టడం కూడా అదే ఉపాయం. సిమెంటు కలిపేవాళ్లకు, సున్నం పూసి పాన్ కట్టేవాళ్లకు గట్లే అరిగిపోతాయి. వాళ్లకు నూనె ఒక్కటే చాలదు.

1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి, రోడ్డు సామగ్రి కాంట్రాక్టు మీద రాజ్యధర్ కొనాయ్ అనే వ్యక్తి చేత అరచేతి ముద్ర వేయించాడు. ముద్రలతో మనిషిని పోల్చుకునే పద్ధతి అక్కడినుంచి పెరిగి 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం దాకా వచ్చింది. మన దగ్గర మాత్రం చదువురానివాణ్ణి "వేలిముద్రగాడు" అని ఎగతాళి చేసే అలవాటు చాలాకాలం నడిచింది. ఇవాళ గచ్చిబౌలిలో పెద్ద చదువులు చదివినవాళ్లు ఆఫీసు గేటు దగ్గర, ఫోన్ మీద, లిఫ్టు దగ్గర రోజంతా చేసేది వేలిముద్ర వేయడమే.

మొన్న ఆదివారం అమ్మ రెండు చేతులకూ గోరింటాకు పెట్టుకుంది. వేళ్ల కొసలకు టోపీలు, అరచేతిలో చందమామ. అంతలో అక్క ఫోన్. అమ్మ నావైపు చూసింది. నా చేతులు దోసెపిండిలో ఉన్నాయి. "మణికట్టుతో తోయి" అన్నాను. ఆమె ఫోన్ వైపు వంగి, ముక్కుతో పక్కకు తోసింది. ఒక్కసారికే ఎత్తుకుంది. "గోటికి పలకనిది ముక్కుకు పలికిందే!" అంటూ, గోరింటాకు చెదరకుండా చేతులు పైకెత్తి పట్టుకుని, అక్కతో మాట్లాడటం మొదలుపెట్టింది.